బ్రైటన్: ఇండియా వేషం వేసుకున్న ఊరు

అమెరికా నుంచి ఇండియా వెళ్ళే దారిలో లండన్‌లో రెండు మూడు రోజులు ఆగడం మనవాళ్ళలో చాలామందికి అలవాటే. ఆ రెండు మూడు రోజుల్లో చూసేవి కూడా దాదాపు అందరికీ ఒకటే. బకింగ్‌హామ్ ప్యాలెస్, లండన్ ఐ, టవర్ ఆఫ్ లండన్. టవర్‌లో కోహినూరు ముందు నిలబడి "ఇది మన పాత గుంటూరు జిల్లా కొల్లూరుదేనట" అని పిల్లలకి చెప్పి, ఒక నిట్టూర్పు విడిచి బయటికి రావడం. ఈసారి మీకు ఒక రోజు మిగిలితే, దయచేసి రైలెక్కి బ్రైటన్ వెళ్ళి రండి. లండన్‌కి దక్షిణంగా యాభై మైళ్ళ దూరం, ఇంగ్లిష్ ఛానెల్ ఒడ్డున ఉన్న ఊరు. విక్టోరియా స్టేషన్‌లో ఎక్కితే గంట ప్రయాణం.

మేము వెళ్ళినప్పుడు నలుగురం ఉన్నాం. నేను, మా ఆవిడ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి, ఆరు నెలలు మా దగ్గర ఉండి తిరిగి ఇంటికి వెళ్తున్న మా నాన్నగారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు కాబట్టి ఎక్కడికి వెళ్ళినా తారీకులు అడుగుతారు. ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులు వెతకడంలో నేను తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

బ్రైటన్ గురించి టూరిస్టు పుస్తకాల్లో ఉండేది బీచ్, పియర్, ఉల్లిగడ్డల్లాంటి గుమ్మటాలున్న ప్యాలెస్. ఆ గుమ్మటాల వెనక, ఆ సముద్రంలో, మనకి సంబంధించిన కథ ఒకటి ఉంది. అది తెలియకుండా చూస్తే ఫోటోలు మాత్రమే మిగులుతాయి.

సముద్రం మందైన కథ

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు సముద్రస్నానం పర్వదినాల్లోనే చెయ్యాలనీ, మామూలు రోజుల్లో సముద్రాన్ని ముట్టుకోకూడదనీ అనేవారు. కార్తీక పౌర్ణమికో, మాఘ పౌర్ణమికో బళ్ళు కట్టుకుని మంగినపూడి దాకా వెళ్ళడం మా నాన్నగారి తరానికి బాగా గుర్తు. ఇంగ్లండ్‌లో కూడా పద్దెనిమిదో శతాబ్దం సగం దాకా సముద్రం అంటే సరదా ఏమీ లేదు. అది చేపలు పట్టేవాళ్ళు బతుకుతెరువు కోసం వెళ్ళే చోటు. బ్రైటన్ అప్పట్లో బ్రైట్‌హెల్మ్‌స్టన్ అనే బెస్తవాళ్ళ ఊరు. 1703, 1705లలో వచ్చిన తుఫానులకి బాగా దెబ్బతిని చితికిపోయింది.

దాని జాతకం మార్చినవాడు ఒక డాక్టరు. దగ్గర్లోని లూయిస్ అనే ఊళ్ళో వైద్యం చేసే రిచర్డ్ రసెల్, గ్రంథుల జబ్బులకి సముద్రపు నీళ్ళు మంచి మందని 1750లో లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. స్నానం చెయ్యడమే కాదు, తాగమని కూడా చెప్పాడు. తర్వాత తనే బ్రైటన్‌కి మకాం మార్చి, సముద్రం ఎదురుగా పెద్ద ఇల్లు కట్టుకుని రోగుల్ని అక్కడే ఉంచి వైద్యం చేశాడు. ఆయన వెనకాల డబ్బున్నవాళ్ళు వరస కట్టారు. చక్రాల మీద చిన్న చెక్క గదులు ఉండేవి. వాటిలో బట్టలు మార్చుకుంటే, గుర్రాలు ఆ గదిని నీళ్ళలోకి లాక్కెళ్ళేవి. అక్కడ "డిప్పర్" అనే ఆడమనిషి పట్టుకుని ముంచి లేపేది. మార్తా గన్ అనే డిప్పర్‌కి ఆ రోజుల్లో దేశమంతా పేరు.

ఇదంతా చెబితే మా నాన్నగారు నవ్వి, "మన వాళ్ళు పుణ్యం కోసం మునిగారు, వీళ్ళు ఆరోగ్యం కోసం మునిగారు. మధ్యలో బాగుపడింది గుర్రబ్బండివాడు" అన్నారు.

బొమ్మల పుస్తకంలోంచి లేచిన ప్యాలెస్

1783లో ఆ ఊరికి ఒక పెద్ద రోగి వచ్చాడు. మూడో జార్జి రాజుగారి పెద్దకొడుకు, తర్వాత నాలుగో జార్జి అయినవాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. మెడ దగ్గర గ్రంథులు వాచాయి, సముద్రస్నానం చెయ్యమని డాక్టర్లు చెప్పారు. అసలు కారణం తండ్రి కళ్ళకి దూరంగా ఉండటమే అని చరిత్రకారులు అంటారు. పేకాట, గుర్రప్పందాలు, విందులు, అప్పులు, రహస్యంగా చేసుకున్న పెళ్ళి, అన్నీ ఉన్న మనిషి. అక్కడ ముందు ఒక మామూలు ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. 1787లో హెన్రీ హాలండ్ అనే ఆర్కిటెక్టు దాన్ని పెంచి "మెరీన్ పెవిలియన్" చేశాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇండియా పద్ధతి ముందుగా వచ్చింది యువరాజు ఇంటికి కాదు, గుర్రాల సాలకి. 1803లో మొదలుపెట్టి విలియం పోర్డెన్ పెద్ద గుమ్మటంతో అశ్వశాల కట్టాడు. ఇప్పుడది బ్రైటన్ డోమ్ అనే కచేరీ హాలు. 1974లో ఆబా బృందం యూరోవిజన్ పోటీలో గెలిచింది అక్కడే. గుర్రాలకి అంత మంచి భవనం ఉంటే పక్కనే రాజుగారి ఇల్లు వెలవెలబోదూ? 1815 నుంచి దాదాపు ఎనిమిదేళ్ళపాటు జాన్ నాష్ పెవిలియన్‌ని మార్చి కట్టాడు. బయట గుమ్మటాలు, మినార్లు, రాతి జాలీలు. లోపలికి వెళ్తే మాత్రం అంతా చైనా! డ్రాగన్లు, వెదురు బొమ్మలు. భోజనాల హాల్లో ఒక టన్ను బరువున్న షాండ్లియర్, దాన్ని గోళ్ళతో పట్టుకున్న వెండి డ్రాగన్.

మా అమ్మాయి వెంటనే అడిగింది: "నాన్నా, ఈ రాజు ఇండియా వెళ్ళాడా?"

వెళ్ళలేదు. నాష్ కూడా వెళ్ళలేదు. థామస్ డానియెల్, విలియం డానియెల్ అనే బంధువులిద్దరు మన దేశంలో ఏళ్ళతరబడి తిరిగి గీసిన కట్టడాల బొమ్మలు "ఓరియంటల్ సీనరీ" అనే సంపుటాలుగా వచ్చాయి. ఆ సంపుటాలు చూసి నాష్ ఈ భవనం ఊహించాడు. అందుకే చూస్తున్నప్పుడు మనకి అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఒక్కటీ సరిగ్గా అతకదు. ఆగ్రా మినారు పక్కన ఇంకెక్కడిదో జాలీ. గుమ్మటాల లోపల ఇనప చట్రం ఉంది. పోత ఇనుముతో అలా కట్టడం ఆ రోజుల్లో చాలా కొత్త. మనలో సివిల్ ఇంజనీర్లకి ఆ ఒక్క సంగతి చాలు, అరగంట నిలబడతారు.

నాలుగో జార్జి 1830లో పోయాడు. తర్వాత విక్టోరియా రాణికి ఈ ఇల్లు నచ్చలేదు. కిటికీ తెరిస్తే చాలు ఊరి జనమంతా చూస్తారు. 1841లో లండన్ నుంచి రైలు పడ్డాక పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళే మామూలు జనంతో ఊరు నిండిపోయింది. 1850లో ప్యాలెస్‌ని ఊరికే అమ్మేశారు. ఈ అమ్మకం సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తలంటు డాక్టరుగారు

రాజుగారు ఊహల్లో ఇండియాని కట్టుకుంటున్న రోజుల్లోనే, ఒక నిజమైన భారతీయుడు నాలుగడుగుల దూరంలో దుకాణం పెట్టాడు. ఆయన పేరు షేక్ దీన్ ముహమ్మద్. పాట్నాలో 1759లో పుట్టాడు. చిన్నతనంలోనే ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యం వెంట వెళ్ళి, 1784లో ఐర్లండ్ చేరి, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1794లో తన ప్రయాణాల గురించి పుస్తకం వేశాడు. ఇంగ్లిష్‌లో ఒక భారతీయుడు రాసి ప్రచురించిన మొదటి పుస్తకం అదే. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ అని హోటల్ పెట్టాడు. అక్కడ మన వంటలూ, హుక్కా దొరికేవి. జనం మెచ్చుకున్నారు కానీ డబ్బులు రాలేదు. రెండేళ్ళలో దివాలా తీశాడు.

యాభై అయిదేళ్ళ వయసులో, 1814లో, బ్రైటన్ వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒడ్డు మీదే స్నానశాల కట్టి, మూలికల ఆవిరి పట్టి, ఒళ్ళు పట్టడం ఆయన వైద్యం. దానికి "షాంపూ" అని పేరు పెట్టాడు. ఒత్తడం అనే అర్థమున్న హిందీ మాటలోంచి వచ్చింది అది. మన తలంటుకి దూరపు చుట్టం అన్నమాట. కీళ్ళనొప్పుల దొరలు ఊతకర్రలతో వచ్చి, వాటిని అక్కడే వదిలేసి వెళ్ళేవారని చెప్పుకునేవారు. నాలుగో జార్జికీ, ఆ తర్వాతి నాలుగో విలియంకీ ఆయన ఆస్థాన "షాంపూయింగ్ సర్జన్" అయ్యాడు. 1851లో కన్నుమూశాడు. సమాధి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఉంది. స్నానశాల ఉన్నచోట ఇప్పుడు క్వీన్స్ హోటల్ ఉంది.

మన డాక్టర్లకి ఇంకొక మాట. ఆయన మనవడు ఫ్రెడరిక్ అక్బర్ ముహమ్మద్ లండన్ గైస్ హాస్పిటల్‌లో డాక్టరు. మూత్రపిండాల జబ్బు లేకుండా కూడా రక్తపోటు పెరుగుతుందని మొదట గుర్తించినవాళ్ళలో ఒకడు. 1884లో ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. పరదేశంలో ఒక హోటల్ మూసుకుని మళ్ళీ ఇంకోటి మొదలుపెట్టిన తాత, మూడోతరంలో పెద్ద డాక్టరైన మనవడు. ఈ కథ మన సంఘంలో ఎవరింటికి వెళ్ళినా వినిపించేదే కదా!

గుమ్మటాల కింద పడకలు

ఇక అసలు సంగతికి వస్తాను. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొద్ది వారాలకే భారతీయ సైన్యం ఫ్రాన్స్‌లో దిగింది. చలికాలం, బురద కందకాలు, వాళ్ళెప్పుడూ చూడని ఫిరంగుల యుద్ధం. గాయపడ్డవాళ్ళని ఛానెల్ దాటించి ఇంగ్లండ్ తెచ్చారు. బ్రైటన్‌లో పెవిలియన్, డోమ్, పక్కనున్న కార్న్ ఎక్స్ఛేంజ్ కలిపి ఏడువందలకి పైగా పడకలతో ఆసుపత్రి చేశారు. డిసెంబరు 1914లో మొదటి సిపాయిలు వచ్చారు. ఊళ్ళో ఒక బడి, పేదల కోసం ఉన్న ఒక పెద్ద వర్క్‌హౌస్ కూడా భారతీయుల ఆసుపత్రులయ్యాయి.

ఏర్పాట్లు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పెవిలియన్‌లో తొమ్మిది వంటశాలలు. ముస్లింలకి, మాంసం తినే హిందువులకీ సిక్కులకీ, శాకాహారులకి వేరువేరుగా వంట. ప్రతి వార్డులోనూ హిందువులకి ఒక కొళాయి, ముస్లింలకి ఒక కొళాయి. బోర్డులు ఉర్దూలో, హిందీలో, గురుముఖిలో. తోటలో సిక్కుల గురుద్వారాకి ఒక డేరా, నమాజుకి పచ్చిక మీద చోటు. నాలుగో జార్జి విందుల కోసం కట్టించుకున్న వంటశాల ఆపరేషన్ థియేటరయింది.

ఇదంతా ఊరికే పుట్టిన దయ మాత్రం కాదు. ఇండియాలో సైన్యంలో చేరేవాళ్ళు తగ్గకూడదు, తిరుగుబాటు మాట వినబడకూడదు. అందుకే ఈ ఆసుపత్రి ఫోటోలు తీసి మన దేశంలో పంచారు. చక్రవర్తిగారు తన సొంత ప్యాలెస్‌ని సిపాయిల కోసం ఖాళీ చేసి ఇచ్చారన్న మాట బాగా ప్రచారమైంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇదే. ఆ ప్యాలెస్ 1850 నుంచి రాజుగారిది కాదు, ఊరిది. అయిదో జార్జి మాత్రం స్వయంగా వచ్చాడు. ఆగస్టు 1915లో జమాదార్ మీర్ దస్త్‌కి ఆ తోటలోనే విక్టోరియా క్రాస్ ఇచ్చాడు.

రెండోవైపు చూడండి. సిపాయిలు స్వేచ్ఛగా ఊళ్ళో తిరగడానికి వీల్లేదు. వర్క్‌హౌస్‌లో పెట్టిన కిచెనర్ ఆసుపత్రి చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఇంగ్లిష్ నర్సులు భారతీయులకి దగ్గరుండి సేవ చెయ్యడం మీద ఆంక్షలు వచ్చాయి. సిపాయిలు ఇంటికి రాసే ప్రతి ఉత్తరాన్నీ అధికారులు చదివి పంపేవారు. ఆ ఉత్తరాల అనువాదాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇప్పటికీ ఉన్నాయి. అందులో మెచ్చుకోళ్ళున్నాయి, ఇంటిమీద బెంగ ఉంది. నయమైనవాళ్ళని ఇంటికి పంపకుండా మళ్ళీ యుద్ధానికే పంపుతున్నారన్న బాధ మరీ ఎక్కువగా ఉంది. దయ, కంచె, రెండూ ఒకే చోట ఉన్నాయి. ఏ ఒక్కటి చెప్పినా సగం కథే అవుతుంది.

1915 చివర్లో భారతీయ పదాతిదళాల్ని ఫ్రాన్స్ నుంచి మెసొపొటేమియాకి మళ్ళించాక 1916 మొదట్లో ఆసుపత్రి మూతపడింది. పెవిలియన్ తోటకి దక్షిణం వైపు గుజరాతీ పద్ధతిలో ఒక ద్వారం ఉంది. భారతీయులు కృతజ్ఞతగా ఇచ్చిన ఆ ఇండియా గేటుని 1921లో పటియాలా మహారాజా ఆవిష్కరించాడు.

కొండమీద ఛత్రి

ఆసుపత్రుల్లో చనిపోయిన ముస్లిం సిపాయిల్ని వోకింగ్ పంపి, 1889లో కట్టిన షాజహాన్ మసీదుకి దగ్గర్లో ఖననం చేశారు. హిందువుల్ని, సిక్కుల్ని మొత్తం యాభై ముగ్గురిని ఊరికి ఉత్తరాన పాచమ్ గ్రామం పైనున్న సౌత్ డౌన్స్ కొండల మీదికి తీసుకెళ్ళి, ఆరుబయట చితి పేర్చి దహనం చేశారు. అస్థికలు సముద్రంలో కలిపారు.

ఆ చోట ఒక గుర్తు ఉండాలని 1915లో మేయర్ జాన్ ఆటర్‌కి సూచించినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసులోని లెఫ్టినెంట్ దాస్‌గుప్తా. బొంబాయి నుంచి వచ్చిన హెన్రిక్స్ అనే యువ ఆర్కిటెక్టు నమూనా గీశాడు. తెల్ల పాలరాయి, ఎనిమిది స్తంభాలు, పైన గుమ్మటం. ముందు మూడు గ్రానైటు పలకలు, వాటికింద చితులు పేర్చిన అరుగులు. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. 2010లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ పక్కనే ఒక గోడ కట్టి ఆ యాభై ముగ్గురి పేర్లు చెక్కింది.

అక్కడికి కారు వెళ్ళదు. గొర్రెలు మేసే పచ్చిక మీద మైలు పైన ఎక్కాలి. నాన్నగారిని కింద ఉండమన్నాను. "అంతదూరం నుంచి వచ్చి కింద కూర్చోడానికా?" అని కర్ర పట్టుకుని బయల్దేరారు. మూడు చోట్ల ఆగి ముప్పావు గంటలో ఎక్కాం. పైన గాలి తప్ప చప్పుడు లేదు. ఆయన బూట్లు విప్పి తడిగడ్డిలో నిలబడ్డారు.

గోడమీద పేర్లు మా అమ్మాయి పైకి చదివింది. పంజాబు పేర్లు, గఢ్వాల్ పేర్లు, గూర్ఖాల పేర్లు. "తాతగారూ, మనవాళ్ళు లేరేం?" అని అడిగింది. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయని తెల్లవాళ్ళు ఒక సిద్ధాంతం పెట్టుకుని, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి సైన్యంలోకి తీసుకోవడం అప్పటికే బాగా తగ్గించేశారని ఆయన చెప్పారు. చెప్పి కాసేపు ఊరుకుని, "వీళ్ళు మాత్రం మనవాళ్ళు కాదా తల్లీ? గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పి నీళ్ళు వదలమన్నారు పెద్దలు. పేరు తెలిసింది, అదే ఎక్కువ. చదువు" అన్నారు. తను చదవలేకపోయిన పేర్లని నిదానంగా పలికించి మళ్ళీ చదివించారు.

ఆ గుమ్మటం చూస్తుంటే నాకు తోచింది ఒకటి. కింద ఊళ్ళో ఉన్న గుమ్మటాలు ఇండియా చూడనివాళ్ళ ఊహ. ఈ చిన్న ఛత్రి మాత్రం మన ఆర్కిటెక్టు గీసింది, మన డాక్టరు అడిగింది, మన మనుషుల చితుల పక్కన నిలిచింది. టిక్కెట్టు పెట్టి జనం చూసేది మొదటిది. రెండోదానికి టిక్కెట్టు లేదు, అక్కడ ఉన్న గంటసేపూ మేము నలుగురమే.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

ముందు వీసా సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు రెండు మూడు రోజులు ఆగి ఊరు చూడాలంటే గ్రీన్‌కార్డు ఉన్నా బ్రిటన్ విజిటర్ వీసా కావాలి. అమెరికా పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు కానీ, 2025 జనవరి నుంచి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి ముందే తీసుకోవాలి. పెద్దవాళ్ళతో వెళ్తున్నప్పుడు ఈ పని టిక్కెట్లతో పాటే మొదలుపెట్టండి.

లండన్‌లో పొద్దున్నే బయల్దేరితే పది గంటలకల్లా బ్రైటన్‌లో ఉంటారు. ఛత్రికి ముందు వెళ్ళండి, సాయంత్రానికి కాళ్ళలో ఓపిక ఉండదు. పాచమ్ దాకా బస్సు ఉంది, అక్కణ్ణించి నడక. వర్షం పడితే జారుతుంది, చక్రాల కుర్చీకి వీలుపడదు. ఏటా జూన్‌లో అక్కడ స్మారక సభ జరుగుతుంది. ఆ రోజు కుదిరితే మరీ మంచిది. తిరిగొచ్చి మధ్యాహ్నం పెవిలియన్ చూడండి. దానికి టిక్కెట్టు ఉంది, తోటకీ ఇండియా గేటుకీ లేదు. శాకాహారులకి తిండి ఇబ్బంది లేని ఊరు అది. బీచ్‌లో మాత్రం తింటున్నప్పుడు జాగ్రత్త, సముద్రపు కాకులు చేతిలోని చిప్స్ లాక్కుపోతాయి.

చివరగా ఒడ్డుకి వెళ్ళండి. ఇసక ఉండదు, అంతా గులకరాళ్ళు, చెప్పుల్లేకుండా నడవలేరు. 1899 నాటి ప్యాలెస్ పియర్ మీద పిల్లలకి ఆటలున్నాయి. 1883లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న వోక్స్ ఎలక్ట్రిక్ రైలు ఎండాకాలంలో ఒడ్డు వెంట తిరుగుతుంది. పశ్చిమంగా చూస్తే 1866లో కట్టి, 2003లో కాలిపోయిన వెస్ట్ పియర్ ఇనప అస్థిపంజరం నీళ్ళలో నిలబడి కనిపిస్తుంది. డాక్టర్ రసెల్ తన రోగుల్ని ముంచిన నీళ్ళవే. సిపాయిల అస్థికలు కలిసిన నీళ్ళూ అవే. పర్వదినం కాకపోయినా నాన్నగారు ప్యాంటు పైకి మడిచి, వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని వదిలారు. మీ పిల్లలు కూడా వెంట ఉంటే, ఆ యాభై మూడు పేర్లలో రెండైనా వాళ్ళచేత చదివించి తీసుకురండి.